అప్పు చేసి ఖరీదైన కాలేజీలో చేరాలా, తక్కువ ఫీజు సీటుతో సరిపెట్టుకోవాలా?

నడిమెట్టు:
రెండు చోట్ల సీటు వచ్చింది. రెండిట్లోనూ అదే కోర్సు, కంప్యూటర్ సైన్స్. ఒకటి పేరున్న ప్రైవేటు కాలేజీ, ఫీజు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఇంకోటి ప్రభుత్వ కాలేజీ. ఫీజు అందులో ఐదో వంతు కూడా ఉండదు గానీ, పేరు చెబితే "అదెక్కడుంది?" అని అడుగుతారు. మొదటిదాంట్లో చేరాలంటే దాదాపు అంతా అప్పే. నాన్న "చదువు దగ్గర లెక్కలు చూసుకోకూడదు, నేను చూసుకుంటాగా" అంటున్నారు. బావ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాడు. "నాలుగేళ్ల తర్వాత ఈ ఉద్యోగాలు ఎన్ని మిగులుతాయో ఎవడికి తెలుసు, అంత డబ్బు పొయ్యొద్దు" అంటున్నాడు. ఎవరు చెబుతుంటే వాళ్లదే నిజమనిపిస్తోంది. వచ్చే వారం లోపు ఫీజు కట్టాలి. ఏం చెయ్యమంటారు?

సుత్తిలేకుండా:
పేరున్నదాంట్లో చేరిపో. ఆలోచించకు. బ్రాండ్ బ్రాండే.

లెక్కల మాస్టారు:
"ఆలోచించకు" అని చెప్పడం తేలికే, ఈఎంఐ కట్టేది మీరు కాదుగా.

నాయనా, ముందు కాగితం తీసి ఒక లెక్క వెయ్యి. నాలుగేళ్ల ఫీజు మొత్తం 100 అనుకో. ఏటా మొదట్లో 25 చొప్పున అప్పు తీసుకుంటావు. వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువుకునే రోజుల్లో చక్రవడ్డీ కాకుండా మామూలు వడ్డీయే వేశారనుకో. మొదటి 25 మీద నాలుగేళ్ల వడ్డీ, రెండో 25 మీద మూడేళ్లది, అలా కోర్సు అయ్యేసరికి నీ బాకీ 125. అక్కణ్ణుంచి పదేళ్ల ఈఎంఐ పెట్టుకుంటే నెలకు 1.65. చివరికి కట్టేది మొత్తం 198. అంటే బోర్డు మీద రాసిన ఫీజుకు దాదాపు రెట్టింపు. హాస్టలూ పుస్తకాలూ ఇందులో కలపలేదు.

ఇప్పుడు ఆ 1.65 బదులు నీ అసలు అంకె వేసి, రాబోయే మొదటి జీతంలో అది ఎన్నో వంతో చూడు. ఐదో వంతు దాటితే నాకు గుబులు. మూడో వంతు దాటితే వద్దనే అంటాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా కొండగుర్తు మాత్రమే. జీతం అంటే చేతికొచ్చేది. బ్రోచర్‌లో వేసుకున్నది కాదు.

రెజ్యూమెల గుట్ట:
మాస్టారు బ్రోచర్ అన్నారు కాబట్టి. నేను చేసేది కొత్తవాళ్లను ఉద్యోగంలోకి తీసుకునే పని. కాలేజీలు వేసుకునే అంకెలు ఎలా పుడతాయో కాస్త దగ్గర్నుంచి చూస్తుంటాను.

"95 శాతం ప్లేస్‌మెంట్" అని కనబడితే, ఎంతమందిలో 95 శాతమో అడుగు. చాలాసార్లు అది "అర్హులైన విద్యార్థుల్లో" అవుతుంది. బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లు, మార్కుల గీత దాటనివాళ్లు, పైచదువులకు వెళ్తామని రాసిచ్చినవాళ్లు ఆ లెక్కలోకే రారు. ఒక్కోచోట మనుషుల్ని కాకుండా ఆఫర్లను లెక్కపెడతారు. ఒకే అమ్మాయికి మూడు ఆఫర్లొస్తే మూడు ఉద్యోగాలన్నమాట.

ఇక సగటు. పదిమందిలో తొమ్మిదిమందికి 4 చొప్పున, ఒకడికి 44 వచ్చిందనుకోండి. సగటు 8. ఆ క్లాసులో 8 తీసుకునేవాడు ఒక్కడూ లేడు! అందుకే మీడియన్ అడగండి. అందర్నీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం అది. చెప్పడానికి వాళ్లు తటపటాయిస్తే మీకు సమాధానం దొరికినట్టే. "ప్యాకేజీ" అనే మాటలో జాయినింగ్ బోనస్, నాలుగేళ్లలో విడతలుగా ఇచ్చే షేర్లు, నిలబడితేనే వచ్చే డబ్బులు కూడా కలిపేస్తారు. ఈఎంఐ మాత్రం నెల జీతంలోంచే పోవాలి.

స్టార్టప్ చిన్నోడు:
అసలు డిగ్రీ ఎందుకు బ్రో? గేట్స్ ఆపేశాడు, జుకర్‌బర్గ్ ఆపేశాడు. పేపాల్ పెట్టినవాళ్లలో ఒకడైన పీటర్ థీల్ అయితే కాలేజీ మానేసి రండి, లక్ష డాలర్లు ఇస్తానన్నాడు. అన్నీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉన్నాయి. ఆ ఫీజు డబ్బుతో ఏదైనా మొదలుపెట్టు.

మాటకు మాట:
ఆ ఫీజు డబ్బు వాడి దగ్గర ఉంటే కదా మొదలుపెట్టడానికి? అది అప్పు తమ్ముడూ. చదువు కోసమైతే బ్యాంకు ఇస్తుంది, "ఏదైనా మొదలుపెట్టు" కోసం ఇవ్వదు.

ఆ పేర్లకు కూడా వెనక కథ ఉంది. గేట్స్ 1975లో బయటికొచ్చింది హార్వర్డ్ నుంచి. వచ్చేటప్పటికే చేతిలో పని ఉంది, వెనక లాయర్ నాన్న ఉన్నాడు. జుకర్‌బర్గ్ 2004లో క్యాంపస్ వదిలేనాటికి ఫేస్‌బుక్ నడుస్తోంది. మానేశాక వెతుక్కోలేదు, దొరికాక మానేశారు. థీల్‌కేమో స్టాన్‌ఫర్డ్‌లో ఒకటి కాదు, రెండు డిగ్రీలు. రెండోది లా. ఆయన స్కీము ఏటా ఏరి ఇచ్చేది కొద్దిమందికే.

స్టార్టప్ చిన్నోడు:
సరే గానీ నేర్చుకోవడానికి కాలేజీయే కావాలని ఎక్కడుంది? పాయింట్ అది.

అటూ ఇటూ:
చిన్నోడి పాయింట్ కొట్టిపారేసేది కాదు. దీనిమీదే అర్థశాస్త్రంలో పెద్ద వాదన ఉంది. గ్యారీ బెకర్ 1964లో చదువును పెట్టుబడిగా చూడమన్నాడు: చదివితే పనితనం పెరుగుతుంది, దానికే జీతం. 1973లో మైకేల్ స్పెన్స్ ఇంకో కోణం చూపించాడు. క్లాసులో ఏమీ నేర్చుకోకపోయినా డిగ్రీకి విలువ ఉండొచ్చు. ఎందుకంటే, పట్టుదల ఉన్నవాడికి దాన్ని పూర్తిచెయ్యడం తక్కువ కష్టం, లేనివాడికి ఎక్కువ కష్టం. కాబట్టి యజమానికి అది ఒక గుర్తులా పనిచేస్తుంది. ఇద్దరికీ నోబెల్ వచ్చింది, బెకర్‌కు 1992లో, స్పెన్స్‌కు 2001లో. అంటే ఎవరు గెలిచారో ఇంకా తేలనట్టే :)

ఆన్‌లైన్ కోర్సులో నేర్చుకోవడం ఉంది, గుర్తు లేదు. నీ పనిని చూపించి ఆ గుర్తును నువ్వే తయారు చేసుకోగలిగితే చిన్నోడి దారి పనిచేస్తుంది. అందరివల్లా అయ్యేది కాదు.

సగంలో ఆగినోణ్ణి:
ఈ థ్రెడ్ పొద్దుటినుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ. అందరూ "డిగ్రీ ఉంటే", "డిగ్రీ లేకపోతే" అని రెండే రకాలుగా మాట్లాడుతున్నారు. మూడో రకం నేను. అప్పు ఉంది, డిగ్రీ లేదు.

మూడో ఏడాదిలో నాన్నకు ఒంట్లో బాగోలేక సంపాదన ఆగిపోయింది. అప్పు సరిపోని భాగం ఆయన జేబులోంచి కడుతున్నారు, ఇక అది కట్టే దారి లేకపోయింది. ఒక సెమిస్టర్ ఆగి మళ్లీ చేరదాం అనుకున్నా. మిగిలిన ఫీజు కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు కాలేజీవాళ్లు. పనిలో చేరాక ఆ సెమిస్టర్ మళ్లీ రాలేదు. ఇప్పటికీ నెల మొదట్లో జీతం పడిన మెసేజ్, వెనకే ఈఎంఐ పోయిన మెసేజ్, రెండూ ఒకే పూట వస్తాయి. ఉద్యోగానికి ఆన్‌లైన్ ఫారం నింపుతుంటే "అత్యున్నత విద్యార్హత" అని ఒక మెనూ తెరుచుకుంటుంది. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ అన్నీ ఉంటాయి. "రెండున్నరేళ్లు చదివాను" అని ఉండదు. పన్నెండో తరగతి దగ్గర టిక్కు పెట్టి ముందుకెళ్తాను.

తమ్ముడూ, ఆ పేరున్న కాలేజీ మంచిదా కాదా అని అందరూ చెబుతారు. మధ్యలో ఇంట్లో ఒక దెబ్బ తగిలితే ఆ ఫీజుతో నాలుగో ఏడాది దాకా వెళ్లగలవా? అది చూసుకో.

లెక్కల మాస్టారు:
బాబూ, నువ్వు రాసినదానికి అంకెలు కూడా ఉన్నాయి. అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2023 లెక్క: పూర్తికాలం పనిచేసేవాళ్ల వారం జీతం మీడియన్ హైస్కూలు చదువుతో 899 డాలర్లు, బ్యాచిలర్స్ డిగ్రీతో 1,493. మరి కాలేజీకి వెళ్లి డిగ్రీ తీసుకోనివాళ్లది? 992. చూశావా, ఏళ్లు గడిపినంత మాత్రాన పెద్దగా కలిసిరావడం లేదు, పూర్తిచేశాకే ఆ తేడా కనబడుతోంది. (పూర్తిచేసేవాళ్లు మొదటినుంచీ వేరే రకం మనుషులు కావచ్చు, కాబట్టి తేడా అంతా డిగ్రీదే అనను.) ఫీజు ఎక్కువైనకొద్దీ మధ్యలో ఆగే ప్రమాదమూ పెరుగుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకున్నవాళ్లను నేను చాలా తక్కువగా చూశాను.

ఇద్దరు బిడ్డల తల్లి:
సగంలో ఆగిన బాబుకు... ఏం చెప్పాలో తెలియడం లేదు నాన్నా. సర్టిఫికెట్ల కోసం పైవాళ్లకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టావా? పెట్టకపోతే పెట్టు. నువ్వు చదివిన సెమిస్టర్ల మార్కులు దూరవిద్యలో ఎక్కడైనా లెక్కలోకి తీసుకుంటారేమో కూడా అడుగు.

ఇక నడిమెట్టూ, మీ నాన్నగారు "నేను చూసుకుంటా" అన్నారు చూడు, ఆ మాట నేనూ మా పెద్దదానితో అన్నాను. ఎలా చూసుకుంటారో కూర్చోబెట్టి అడుగు. అడగడం తప్పు కాదు. ఇల్లు తాకట్టు పెడుతున్నారా? రిటైర్మెంట్ డబ్బు తీస్తున్నారా? హామీ సంతకం ఆయన పెడితే, నీకు ఉద్యోగం రాని రోజున బ్యాంకు ఫోన్ ఆయనకే వెళ్తుంది. పిల్లలకు చదువు కోసం అప్పిస్తారు, మాకు ముసలితనం కోసం ఎవరూ అప్పివ్వరు. పెద్దదానికి అలా సంతకం పెట్టేశాను, రెండోవాడి దగ్గరికి వచ్చేసరికి మా ఇంట్లో అందరం కాగితాలు ముందేసుకుని మాట్లాడుకున్నాం. వాడికే ఎంత ఖర్చవుతుందో మొదటిసారి తెలిసింది. వాడే తక్కువదాన్ని ఎంచుకున్నాడు.

సుత్తిలేకుండా:
ఇంత భయపెడితే ఎవరూ చదవరు. మంచి కాలేజీలో ఉండే స్నేహాలు, పరిచయాలు? వాటికి రేటు కట్టగలరా?

అటూ ఇటూ:
కట్టే ప్రయత్నం జరిగింది. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. పేరుమోసిన కాలేజీల్లో చదివినవాళ్లు ఎక్కువ సంపాదిస్తారు, నిజమే. కానీ అది కాలేజీ గొప్పా, పిల్లల గొప్పా? అందుకని, ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు పెట్టి, ఒకే రకంగా సీట్లు వచ్చి, చివరికి వేర్వేరు చోట్ల చేరినవాళ్లను పోల్చారు. అప్పుడు సంపాదనలో తేడా దాదాపు మాయమైంది. మినహాయింపు ఒకటి: తక్కువ ఆదాయం కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ కలిసొచ్చింది. మీరన్న పరిచయాలు ఇంట్లో ఉన్నవాళ్లకు కాలేజీ కొత్తగా ఇచ్చేదేమీ లేదు, లేనివాళ్లకు ఇస్తుంది. నా ఊహ అది.

2023లో రాజ్ చెట్టి, మరో ఇద్దరు ఇంకా పెద్ద డేటాతో చూశారు. సగటు సంపాదనలో పెద్ద తేడా లేదు గానీ, అన్నిటికంటే పై 1 శాతం ఆదాయంలోకి వెళ్లే అవకాశం పెరిగిందన్నారు. అయితే ఇవన్నీ హార్వర్డ్, ప్రిన్స్‌టన్ స్థాయి కాలేజీల సంగతి. ఫీజు ఎక్కువగా ఉన్న ప్రతి కాలేజీకీ ఇది వర్తిస్తుందనుకుంటే మాత్రం దెబ్బతింటాం. ఫీజు హార్వర్డ్‌లా ఉంటే సరిపోదు కదా.

వైరింగ్ మేస్త్రి:
ఇంకా ఎవరూ "ఎలక్ట్రీషియన్ పని నేర్చుకో, ఏఐ దాన్ని ముట్టుకోలేదు" అని రాయలేదేంటా అని చూస్తున్నా. ఎవరో ఒకరు రాస్తారు, ముందే చెప్పేస్తా.

నాది ఆ పనే. డబ్బులు ఉన్నాయి, కాదనను. అప్పు లేకుండా మొదలయ్యాను, నాతో చదివినవాళ్లు ఇంకా క్లాసుల్లో ఉండగానే నెలనెలా సంపాదించాను. కానీ ఈ సలహా ఇచ్చేవాళ్లలో తమ పిల్లల్ని పంపేవాళ్లను నేను చూడలేదు. స్లాబు కింద చేతులు పైకెత్తి పనిచేసి చేసి నా కుడి భుజం ఇప్పుడు తలపైకి లేవదు. పైపు లాగే కుర్రాణ్ణి పెట్టుకుని నేను కింద నిలబడి చెబుతుంటాను. ఒళ్లు బాగాలేని రోజు రూపాయి రాదు. నలభై దాటాక మనుషుల్ని పెట్టుకుని కాంట్రాక్టు చెయ్యగలిగితే బాగుంటావు, లేకపోతే కష్టం. ఇష్టం ఉంటే రండి, నేర్పుతా. ఏఐ భయంతో పారిపోయి మాత్రం రావొద్దు.

కోడ్ కూలీ:
ఏఐ మీద నేను చెప్తా, రోజూ దాంతోనే పని కాబట్టి. వాళ్ల బావ భయం ఉత్తదేం కాదు. కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్న పనులు ఉంటాయి చూడండి: ఒక ఫారానికి చెక్‌లు రాయడం, టెస్టులు రాయడం, పాత కోడ్‌ను కొత్త వెర్షన్‌లోకి మార్చడం. అవే ముందు పోతున్నాయి. మొన్నటిదాకా మా టీములో ఆ పనులతోనే కొత్తవాళ్లు నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు సీనియర్ మధ్యాహ్నంలోపు టూల్‌తో కానిచ్చేస్తున్నాడు. తప్పు ఎక్కడుందో పట్టుకునేవాళ్లకు మాత్రం గిరాకీ తగ్గలేదు. ఆ పట్టుకోవడం నేర్చుకోవాలంటే ముందు ఆ చిన్న పనులు చెయ్యాలి. చిక్కు అక్కడే ఉంది.

కానీ నాలుగేళ్ల తర్వాత ఎలా ఉంటుందో చెప్పేవాళ్లను నమ్మను, వాళ్లు ఎంత గొప్పవాళ్లైనా. జెఫ్రీ హింటన్ 2016లో ఇక రేడియాలజిస్టులను, అంటే ఎక్స్‌రేలూ స్కాన్లూ చూసి రోగం చెప్పే డాక్టర్లను, తయారుచెయ్యడం ఆపెయ్యాలన్నాడు, ఐదేళ్లలో యంత్రం వాళ్లను మించిపోతుందని. ఇప్పటి ఏఐ వెనకున్న డీప్ లెర్నింగ్ పద్ధతికి పునాదులు వేసినవాళ్లలో ఆయన ఒకడు, 2024లో నోబెల్ కూడా వచ్చింది. రేడియాలజిస్టులకు ఇప్పటికీ కొరతే. ఆ మాట విని ఆ సీటు వదిలేసుకున్న మెడికో ఎవడైనా ఉంటే ఏమనుకుంటుంటాడో.

మాటకు మాట:
మార్కెట్ బాగోలేని ఏడాదిలో బయటికొస్తే జీవితాంతం దెబ్బే అంటారు, నిజమేనా?

అటూ ఇటూ:
జీవితాంతం అనడం అతి. కెనడా గ్రాడ్యుయేట్ల మీద 2012లో వచ్చిన పరిశోధన ఒకటుంది (ఒరియోపోలస్, వాన్ వాక్టర్, హైజ్). మాంద్యంలో డిగ్రీ చేతికొచ్చినవాళ్లకు మొదట్లో సంపాదన సుమారు 9 శాతం తగ్గింది. ఐదేళ్లకు ఆ లోటు సగమైంది, పదేళ్లకు దాదాపు పోయింది. ఎలా పోయింది? చిన్న కంపెనీలో చేరి, ఆనక మంచి కంపెనీకి మారడం వల్ల. అంటే మొదటి ఉద్యోగం ఎలాంటిదైనా పట్టుకుని, వీలు చూసుకుని దూకాలి. పెద్ద ఈఎంఐ నెత్తిమీద ఉన్నవాడు అలా దూకడానికి జంకుతాడు. ఒక్క నెల జీతం ఆగినా తట్టుకోలేడు కాబట్టి.

సుత్తిలేకుండా:
అప్పు ఎంత అనేదే కాదు, ఎలాంటి అప్పు అనేది కూడా చూడాలిగా. ఆస్ట్రేలియాలో 1989 నుంచి, జీతం ఒక గీత దాటాకే కట్టే పద్ధతి ఉంది. సంపాదన లేకపోతే కట్టక్కర్లేదు. అలాంటిదైతే నేను మొదట చెప్పిందే ఇప్పటికీ చెప్తా.

లెక్కల మాస్టారు:
ఈసారి మాత్రం సుత్తి లేదు, ఒప్పుకుంటున్నాను. జీతాన్ని బట్టి కట్టే అప్పు వేరు, జీతం ఉన్నా లేకపోయినా నెల తిరిగేసరికి కట్టాల్సిన అప్పు వేరు. నడిమెట్టుది రెండోదనుకుంటా. కాగితాల్లో మూడు చూడు నాయనా: కోర్సు అయ్యాక ఎన్ని నెలలకు ఈఎంఐ మొదలవుతుంది, వడ్డీ స్థిరమా మారేదా, ముందే తీర్చేస్తే జరిమానా ఉందా.

నడిమెట్టు:
అందరికీ థ్యాంక్స్. రెండు రోజులుగా మీరు చెప్పినవే చేస్తున్నా.

మాస్టారూ, లెక్క వేశాను. పేరున్న కాలేజీవాళ్లకు ఫోన్ చేసి మీడియన్ అడిగితే "హైయెస్ట్ ప్యాకేజీ చెప్తాం సార్" అన్నారు. అందుకని అక్కడ ఫైనలియర్‌లో ఉన్న ఇద్దర్ని పట్టుకుని, క్లాసులో మధ్యరకం వాళ్లకు ఎంతొచ్చిందో అడిగాను. ఆ జీతంతో చూస్తే ఈఎంఐ మూడో వంతు కంటే కొంచెం ఎక్కువే. వడ్డీ మారే రకం. ఇంకొకటి, అడ్మిషన్ కాగితాల్లో చిన్న అక్షరాల్లో, ఫీజు ఏటా సవరించే హక్కు తమకుందని రాసుకున్నారు. ఎంత పెంచొచ్చో పరిమితి లేదు. మేం నాలుగేళ్లకూ మొదటి ఏడాది ఫీజే వేసుకుని లెక్క చూసుకుంటున్నాం.

నాన్నతో కూర్చున్నాను అమ్మా. ఆయన ప్లాను రిటైర్మెంట్ డబ్బే. కాసేపు కోప్పడ్డారు, "నన్ను లెక్కలు అడుగుతావా" అని. తర్వాత ఆయనే కళ్లజోడు పెట్టుకుని ఆ చిన్న అక్షరాలు చదివారు.

ప్రభుత్వ కాలేజీ వైపే మొగ్గుతున్నా. ఒక్కటే బెంగ, అక్కడికి కంపెనీలు పెద్దగా రావంట.

రెజ్యూమెల గుట్ట:
రాకపోతే నువ్వే వెళ్లాలి, అది నిజమైన కష్టమే, తేలిగ్గా తీసుకోకు. క్యాంపస్‌కు రాని కంపెనీలో నీ రెజ్యూమె పై వరసలోకి రావాలంటే లోపలివాడు ఒకడు పంపాలి. మీ బావ ఉన్నాడుగా. ఇప్పుడు వద్దన్న మనిషే మూడో ఏడాదిలో నీ రెజ్యూమె తన కంపెనీలో ఇవ్వాలని ముందే మాట తీసుకో. రెండో ఏడాది సెలవుల నుంచే ఇంటర్న్‌షిప్‌లు మొదలుపెట్టు, జీతం తక్కువైనా సరే. వేరేవాళ్లు వాడే ప్రోగ్రామ్ ఒక్కటైనా రాసి పెట్టుకో. క్లాస్ ప్రాజెక్టులు నా టేబుల్ మీదికి కుప్పలుగా వస్తాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. రెండో ఉద్యోగానికి వచ్చేసరికి కాలేజీ పేరు నేను రెజ్యూమె చివర్లో చూస్తాను, ఒక్కోసారి చూడను కూడా.

సుత్తిలేకుండా:
నేనైతే ఇప్పటికీ పేరున్నదాంట్లోనే చేరేవాణ్ణి. మా ఇంట్లో డబ్బుంది అనుకోండి, అది వేరే విషయం.

మాటకు మాట:
ఆ చివరి వాక్యం మొదటి పోస్టులో రాసి ఉండాల్సింది అన్నా.

సగంలో ఆగినోణ్ణి:
నడిమెట్టూ, పేరున్న కాలేజీలో సీటు బుక్ చెయ్యడానికి అడ్వాన్స్ ఏమైనా కట్టారా? కట్టుంటే వదులుకుంటున్నట్టు రాతలో ఇచ్చి, రిఫండ్ గడువు ఎప్పటిదాకానో ఇవాళే చూడు. ఫోన్‌లో చెబితే సరిపోదు, మెయిల్ పెట్టి జవాబు దాచుకో.

నడిమెట్టు:
కట్టాం అన్నా. గడువు ఎల్లుండి. ఇప్పుడే మెయిల్ పెడుతున్నా.